చూపు లేని పిల్లాడి పాటకు ఏ కంప్యూటర్ కొనాలి?

మా పెద్దబ్బాయి పదిహేనో పుట్టినరోజుకి ల్యాప్‌టాప్ కొన్నాం. వాడికి పుట్టుకతోనే చూపు లేదు. ఆరేళ్ల వయసు నుంచి కర్ణాటక సంగీతం నేర్చుకుంటున్నాడు, కీబోర్డు కూడా బాగా వాయిస్తాడు. మేముండేది సౌదీలోని జుబైల్‌లో. గురువుగారు రాజమండ్రిలో ఉంటారు. వారం వారం పాట రికార్డు చేసి ఆయనకి పంపాలి. ఫోన్లో పాడి పంపుతుంటే ఒకరోజు ఆయన, "నాన్నా, శ్రుతి నీ గొంతుని మింగేస్తోంది. శ్రుతి వేరుగా, గొంతు వేరుగా రికార్డు చేసి కలిపి పంపు, అప్పుడు నీ తప్పులు నాకు తెలుస్తాయి" అన్నారు. అక్కడ మొదలైంది మా కంప్యూటర్ వేట.

మేం చేసిన పొరపాటు ముందే చెప్పేస్తాను. షాపుకి వెళ్లి "మ్యూజిక్ రికార్డింగ్‌కి మంచి ల్యాప్‌టాప్ కావాలి" అని అడిగాం. "చూపు లేని పిల్లాడు ఒక్కడే కూర్చుని వాడుకోవాలి" అని అడగలేదు. షాపతను పెద్ద టచ్ స్క్రీను, మంచి గ్రాఫిక్స్ ఉన్నది చూపించాడు, పేరున్న మ్యూజిక్ సాఫ్ట్‌వేర్ ఒకటి కూడా అంటగట్టాడు. ఇంటికొచ్చి తెరిస్తే స్క్రీన్ రీడర్ "పేన్... పేన్..." అనడం తప్ప ఇంకేమీ చెప్పలేదు. రికార్డు బటన్ ఎక్కడుందో వాడికి తెలిసే దారే లేదు.

సరే, నేనున్నానుగా అనుకున్నాను. రెండు నెలలు మౌస్ నా చేతిలో, పాట వాడి నోట్లో. నా వంటయ్యేదాకా వాడు ఆగాలి, చిన్నది నిద్రపోయేదాకా ఆగాలి. ఒకరోజు ఒక చరణం నాలుగుసార్లు పాడి, "అమ్మా, రెండోది ఉంచు" అన్నాడు. తెరమీద చూస్తే రెండోదాంట్లో మధ్యలో ఏదో చప్పుడు పడ్డట్టుంది. నాలుగోది శుభ్రంగా కనిపించింది. అది ఉంచి మిగతావి తీసేసి గురువుగారికి పంపేశాను. సాయంత్రం విని వాడు ఒకటే మాటన్నాడు: "రెండోదాంట్లో గమకం కుదిరిందమ్మా. నేను పంపమన్నది ఇది కాదు." ఆ తేడా నా చెవికి అందలేదు. తీసేసింది మళ్లీ రాలేదు.

ఆ రోజు నుంచి నా ప్రశ్న మారింది. ఏ కంప్యూటర్ మంచిదన్నది కాదు, మొదటి నుంచి చివరిదాకా వాడు నన్ను పిలవకుండా పాట పూర్తిచేసుకోగలిగేది ఏదన్నది. డిగ్రీలో ఫిజిక్స్ చదివాను గానీ ఈ సంగతులు నాకూ కొత్తే. నేర్చుకున్నవి రాస్తున్నాను. మీ ఇంట్లోనో, మీ బంధువుల్లోనో ఇలాంటి పిల్లలో పెద్దలో ఉంటే, మేం చేసిన ఖర్చు మీకు తప్పుతుందని.

స్క్రీన్ రీడర్ ఏం చేస్తుంది?

స్క్రీన్ రీడర్ అంటే తెరమీద ఉన్నదాన్ని గొంతుతో చదివి వినిపించే ప్రోగ్రామ్. చాలామంది అది తెరను మనలా చూసి చదువుతుందనుకుంటారు. అలా కాదు. ప్రతి బటన్ వెనకా సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లు మూడు సంగతులు ఆపరేటింగ్ సిస్టమ్‌కి అందించాలి: దీని పేరేమిటి, ఇది ఏ రకం వస్తువు, ఇప్పుడు ఏ స్థితిలో ఉంది. "రికార్డు, బటన్, నొక్కి ఉంది" అన్నట్టు. స్క్రీన్ రీడర్ ఆ చీటీని చదువుతుంది. చీటీ లేకపోతే దానికి చెప్పడానికి ఏమీ ఉండదు.

సంగీతం సాఫ్ట్‌వేర్లలో చిక్కంతా ఇక్కడే. నిజం మిక్సర్‌లాగా కనిపించాలని గుండ్రటి నాబ్‌లు, మెరిసే మీటర్లు బొమ్మలుగా గీస్తారు. ఆ బొమ్మల వెనక చీటీలు పెట్టరు. కళ్లున్నవాళ్లకి అది ఎంత అందంగా ఉంటుందో స్క్రీన్ రీడర్‌కి అంత ఖాళీ గోడ. మేం కొన్న సాఫ్ట్‌వేర్ అలాంటిదే. ల్యాప్‌టాప్‌లో లోపమేమీ లేదని తర్వాత తెలిసింది.

విండోస్‌లో ఎక్కువమంది వాడే స్క్రీన్ రీడర్లు ఎన్‌వీడీఏ, జాస్. జాస్ డబ్బులు పెట్టి కొనాలి, ఎన్‌వీడీఏ పూర్తిగా ఉచితం. నేరేటర్ అని విండోస్‌తోపాటే వచ్చేది ఇంకొకటి ఉంది. యాపిల్ మ్యాక్‌లో వాయిస్ఓవర్ 2005 నుంచి కంప్యూటర్‌లోనే ఉంటోంది, విడిగా కొనక్కర్లేదు.

అసలు కొనాల్సింది జంటని

కంప్యూటర్ కన్నా ముందు స్క్రీన్ రీడర్‌ని, రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌ని జంటగా ఎంచుకోవాలి. రెండింటికీ పొసగాలి. ఆ జంట ఏ మెషీన్ మీద నడుస్తుందో అదే మీరు కొనాల్సిన మెషీన్. ఇప్పుడు బాగా నడుస్తున్న జంటలు ఇవి.

మొదటిది మ్యాక్ దారి. వాయిస్ఓవర్‌తో గ్యారేజ్‌బ్యాండ్, లాజిక్ ప్రో రెండూ పనిచేస్తాయి. గ్యారేజ్‌బ్యాండ్ ఉచితం. లాజిక్ ప్రో ఒకసారి కొనుక్కునే ధర 199.99 డాలర్లు, అంటే మన లెక్కలో సుమారు 750 రియాళ్లు. స్క్రీన్ రీడర్‌ని, సాఫ్ట్‌వేర్‌ని ఒకే కంపెనీ చేస్తుంది కాబట్టి రెండింటికీ పొత్తు కుదురుతుంది. లాజిక్‌లో ప్లగిన్ బొమ్మని పక్కనపెట్టి, దాని సెట్టింగులన్నీ వరసగా స్లైడర్లుగా చూపించే కంట్రోల్స్ వ్యూ ఉంది. బొమ్మ చదవలేని చోట ఇది ఆదుకుంటుంది. స్టూడియోల్లో వాడే ప్రో టూల్స్‌ని కూడా మ్యాక్ మీద వాయిస్ఓవర్‌తో వాడే చూపులేని ఇంజనీర్లు ఉన్నారు. పిల్లవాడు రేపు స్టూడియో ఉద్యోగం వైపు వెళ్లాలనుకుంటే ఇది గుర్తుంచుకోండి.

రెండోది విండోస్ దారి. ఎన్‌వీడీఏ, రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్, వాటిని కలిపే ఒసారా అనే చిన్న ఉచిత జోడింపు. రీపర్‌ని 60 రోజులు అన్ని సౌకర్యాలతో వాడి చూడనిస్తారు, తర్వాత ఇంట్లో వాడుకునేవారికి లైసెన్సు 60 డాలర్లు, సుమారు 225 రియాళ్లు. ఒసారా పెట్టాక రీపర్ ప్రతి పనికీ నోరు విప్పుతుంది: ఏ ట్రాక్ మీద ఉన్నావు, అది మ్యూట్‌లో ఉందా, పాటలో ఎన్నో బార్ దగ్గర ఆగావు అని. ఎఫ్12 నొక్కితే సహాయం మోడ్ వస్తుంది. ఆ మోడ్‌లో ఏ కీ నొక్కినా అది ఏం చేస్తుందో చెబుతుందే తప్ప చెయ్యదు. మావాడు మొదటి వారమంతా ఆ కీలు నొక్కుతూనే నేర్చుకున్నాడు. బొమ్మలుగా గీసిన ప్లగిన్ అయినా చాలాసార్లు దాని సెట్టింగుల్ని ఒసారా జాబితాగా వినిపిస్తుంది. ఒసారా మ్యాక్ మీద కూడా నడుస్తుంది కాబట్టి రేపు మెషీన్ మారినా నేర్చుకున్న విద్య పోదు.

ఈ రెండో జంట వెనక ఉన్న కథ మావాడికి చాలా ఇష్టం. ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్, జేమ్స్ టే అనే ఇద్దరు చూపులేని పిల్లలు చిన్నప్పుడు ఒక సంగీత శిబిరంలో కలుసుకున్నారు. స్క్రీన్ రీడర్ల ధర అందరికీ అందుబాటులో లేదని కరన్ 2006లో ఎన్‌వీడీఏ రాయడం మొదలుపెట్టాడు, టే వచ్చి చేరాడు. తర్వాత రీపర్ కోసం ఒసారాని మొదలుపెట్టింది కూడా ఆ జేమ్స్ టేనే. ఈ కథ చెప్పినప్పుడల్లా మావాడు, "వాళ్లకీ అమ్మని పిలవడం ఇష్టంలేదేమో" అని నవ్వుతాడు.

మూడోది, ఏబుల్టన్ లైవ్. 2024లో వచ్చిన 12వ వెర్షన్ నుంచి స్క్రీన్ రీడర్‌తో పనిచేయడం మొదలైంది. బీట్లు, ఎలక్ట్రానిక్ సంగీతం ఇష్టపడే పిల్లలకి దారి తెరుచుకుంది. వేరే పాత సాఫ్ట్‌వేర్ గురించి ఎవరైనా "అది మీకు పనికిరాదు" అంటే అది ఏనాటి మాటో అడగండి. ఇవి ఏడాదికేడాది మారుతున్నాయి.

ఇంతా చెప్పి మా ఇంట్లో ఏం జరిగిందో చెప్పాలి. కొన్న ల్యాప్‌టాప్ అమ్మేసి మ్యాక్ కొందామని మావారు సిద్ధపడ్డారు. దానికి ముందు ఎలాగూ ఉచితమే కదా అని అదే ల్యాప్‌టాప్‌లో ఎన్‌వీడీఏ, రీపర్, ఒసారా పెట్టి చూశాం. మెషీన్ అదే, మనిషీ వాడే. మూడో రోజుకి వాడంతట వాడు ట్రాక్ తెరిచి, పాడి, విని, చెరిపి, మళ్లీ పాడాడు. కొత్తది కొనే అవసరం రాలేదు. మీ ఇంట్లో ఇప్పటికే ల్యాప్‌టాప్ ఉంటే, కొత్తదానికి డబ్బు పెట్టే ముందు ఈ 60 రోజుల పరీక్ష చెయ్యండి.

మ్యాక్ ఎవరికి నయం? ఇంట్లో ఐఫోన్, ఐప్యాడ్ వాయిస్ఓవర్‌తో ముందునుంచీ వాడుతున్నవారికి, సెట్టింగులతో కుస్తీ పట్టే ఓపిక లేనివారికి. విండోస్ ఎవరికి? బడిలో, పరీక్షల్లో, రేపు ఆఫీసులో ఎన్‌వీడీఏ లేదా జాస్ వాడాల్సి వచ్చేవారికి, డబ్బు చూసుకుని ఖర్చుపెట్టాల్సినవారికి. ఒకే స్క్రీన్ రీడర్ చదువుకీ సంగీతానికీ పనికొస్తే పిల్లాడికి సగం భారం తగ్గుతుంది.

ఒక చెవిలో మాట, ఒక చెవిలో పాట

ఈ విషయం మాకు ఎవరూ ముందు చెప్పలేదు. మావాడి మొదటి రికార్డింగ్ విని ఇంటిల్లిపాదీ నవ్వాం. పల్లవి మధ్యలో మరమనిషి గొంతు "ట్రాక్ టూ ఆర్మ్‌డ్" అంటోంది. స్పీకర్లో వచ్చిన స్క్రీన్ రీడర్ మాట మైకులోకి వెళ్లిపోయింది. సరే అని హెడ్‌ఫోన్స్ పెడితే ఇంకో సమస్య: రీపర్ తెరవగానే స్క్రీన్ రీడర్ మూగబోయింది.

కారణం ఇది. విండోస్‌లో మామూలుగా శబ్దాలన్నీ ఒక ఉమ్మడి మిక్సర్ గుండా పోతాయి. ఆ దారిలో ఆలస్యం ఎక్కువ. అందుకని రికార్డింగ్‌కి ఏఎస్ఐఓ అనే దగ్గరి దారి వాడతారు. అయితే కొన్ని పరికరాల్లో ఆ దారిని ఒక ప్రోగ్రామ్ పట్టుకుందంటే ఇంకొకదానికి చోటివ్వదు. కళ్లున్నవాడికి వేరే శబ్దం ఆగిపోతే పెద్ద నష్టం లేదు. చూపు లేనివాడికి మాత్రం తెర ఆరిపోయినట్టే.

మందు తేలికే. మాటకి ఒక పరికరం, పాటకి ఇంకొకటి కేటాయించాలి. పాట యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్ గుండా పోవాలి, స్క్రీన్ రీడర్ గొంతు ల్యాప్‌టాప్ సొంత హెడ్‌ఫోన్ రంధ్రం గుండా రావాలి. ఎన్‌వీడీఏ సెట్టింగుల్లోని ఆడియో విభాగంలో ఏ పరికరంలో మాట్లాడాలో ఎంచుకోవచ్చు. మ్యాక్‌లో ఒకే పరికరాన్ని ఎన్నో ప్రోగ్రాములు పంచుకోగలవు కాబట్టి ఈ మూగబోయే బెడద తక్కువ. అయినా వాయిస్ఓవర్ యుటిలిటీలో సౌండ్ విభాగంలో విడి పరికరం ఎంచుకునే వీలుంది. మావాడు చిన్న ఇయర్‌బడ్ ఒక చెవిలో మాట కోసం పెట్టుకుని, దానిమీదే పెద్ద హెడ్‌ఫోన్స్ పాట కోసం పెట్టుకుంటాడు. చూడ్డానికి వింతగా ఉంటుంది గానీ బాగా కుదిరింది.

దీనివల్ల కొనేటప్పుడు చూడాల్సిన సంగతి ఒకటి తేలింది: ల్యాప్‌టాప్‌కి హెడ్‌ఫోన్ రంధ్రం తప్పనిసరిగా ఉండాలి. సన్నగా ఉండాలని కొన్ని కంపెనీలు తీసేస్తున్నాయి. బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు ఈ పనికి వద్దు, వాటిలో ఆలస్యం ఎక్కువ.

ఆలస్యం ఎంతైతే ఎక్కువ? శబ్దం గాలిలో సెకనుకి సుమారు 343 మీటర్లు పోతుంది. అంటే 10 మిల్లీసెకన్ల ఆలస్యం, మృదంగం మీకు మూడున్నర మీటర్ల దూరంలో ఉన్నట్టు. అంతవరకు తట్టుకోవచ్చు. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో బఫర్ సైజు అని ఉంటుంది. సెకనుకి 44,100 శాంపిళ్ల లెక్కన 128 శాంపిళ్ల బఫర్ అంటే 2.9 మిల్లీసెకన్లు, 1024 అయితే 23. వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ కలిపితే దాదాపు రెట్టింపు. పాడేటప్పుడు 128 దగ్గర, తర్వాత మిక్సింగ్ చేసేటప్పుడు 1024 దగ్గర పెట్టుకుంటే చాలు. చూపు లేని పిల్లలకి ఈ తేడా మనకన్నా ముందే తెలిసిపోతుంది. "ఎవరో నా వెనకాల పాడుతున్నారు" అంటే బఫర్ తగ్గించమని అర్థం.

ల్యాప్‌టాప్‌లో ఏం చూడాలి, ఏం వదిలేయాలి

టచ్ స్క్రీను, గ్రాఫిక్స్ కార్డు, తెర రంగులు, ఇవన్నీ వదిలేయండి. ఆ డబ్బు మెమరీకి, డిస్కుకి పెట్టండి. 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్ఎస్‌డీ ఇంటి రికార్డింగ్‌కి హాయిగా సరిపోతాయి. మ్యాక్‌లలో ర్యామ్ తర్వాత పెంచడం కుదరదు కాబట్టి కొనేరోజే చూసుకోవాలి. డిస్కు లెక్క కూడా చెబుతాను: 24 బిట్లు, 48 కిలోహెర్ట్జ్‌లో ఒక మోనో ట్రాక్ నిమిషానికి సుమారు 8.6 ఎంబీ. ఐదు నిమిషాల పాట పది ట్రాకులైతే 430 ఎంబీ పైచిలుకు. పాడిన ప్రతి టేకూ దాచుకోవాలంటే, మా ఇంట్లో ఇప్పుడు అదే నియమం, బయట ఒక డిస్కు పెట్టుకోండి.

కీబోర్డు మీద కాస్త ఎక్కువసేపు ఆగాలి, ముఖ్యంగా సౌదీలో. ఇక్కడ అమ్మే ల్యాప్‌టాప్‌లలో అరబిక్, ఇంగ్లిష్ రెండూ అచ్చయి ఉంటాయి. అచ్చుతో మనకి పనిలేదు, కీల ఆకారంతో పని ఉంది. కొన్నింటిలో ఎంటర్ కీ నిలువుగా పొడుగ్గా ఉంటుంది, ఎడమ షిఫ్ట్ పక్కన ఒక కీ అదనంగా ఉంటుంది. వేళ్ల లెక్కతో పనిచేసేవాడికి ఆ ఒక్క కీ తేడాతో లెక్కంతా తప్పుతుంది. బడిలో వాడే కీబోర్డు ఎలా ఉందో ఇంట్లోదీ అలాగే ఉండేలా చూడండి. ఎఫ్, జె కీల మీద చిన్న గీతలు వేలికి బాగా తగలాలి. ఇన్సర్ట్ కీ లేకపోతే ఎన్‌వీడీఏకి క్యాప్స్‌లాక్ వాడుకోవచ్చు. నంబర్ ప్యాడ్ లేకపోతే యూఎస్‌బీ ప్యాడ్ విడిగా దొరుకుతుంది.

ఇంకో చిన్న ఉపద్రవం. అరబిక్ కూడా పెట్టి ఉన్న విండోస్‌లో ఎడమ ఆల్ట్, షిఫ్ట్ కలిపి నొక్కితే భాష మారిపోతుంది. మావాడి చెయ్యి పొరపాటున అక్కడ పడి, తర్వాత అక్షరాల షార్ట్‌కట్లు పనిచేయక గంటసేపు ఏడుపు మొహంతో కూర్చున్నాడు. అరబిక్ అవసరం లేకపోతే ఆ కీబోర్డుని భాషల జాబితా నుంచి తీసేయండి. అవసరమైతే భాష మార్చే ఆ షార్ట్‌కట్‌ని ఆపేయండి.

చివరిది ఫ్యాను. గేమింగ్ ల్యాప్‌టాప్‌ల ఫ్యాన్లు మైకులో గాలివానలా వినిపిస్తాయి. మ్యాక్‌బుక్ ఎయిర్‌లో 2020 నుంచి వచ్చిన ఎం సిరీస్ చిప్పు మోడళ్లకి ఫ్యానే లేదు. ఫ్యానున్న ల్యాప్‌టాప్ అయితే మాలాగే అయిదు మీటర్ల మైకు కేబుల్ కొని, కంప్యూటర్‌కి దూరంగా నిలబడి పాడించండి.

మైకు, ఇంటర్‌ఫేస్, గది

మైకుని కంప్యూటర్‌కి కలిపే చిన్న పెట్టె ఆడియో ఇంటర్‌ఫేస్. దాన్ని కొనేటప్పుడు ఒకటే నియమం: పనులన్నీ పెట్టె మీదే, చేతికి తగిలే నాబ్‌లతో, బటన్లతో అవ్వాలి. కంప్యూటర్‌లో దాని సొంత యాప్ తెరిచి తెరమీద తిప్పాల్సిన రకమైతే, ఆ యాప్ మాట్లాడుతుందో లేదో తెలుసుకునేదాకా కొనొద్దు. నాబ్ ఎటు తిరిగి ఉందో తెలియడానికి దానిమీద గాటు ఉండాలి. లేకపోతే నెయిల్ పాలిష్ చుక్క ఒకటి పెట్టి ఆరనిస్తే గట్టిపడి వేలికి తగులుతుంది.

గొంతు శ్రుతి మించితే ఎర్రలైటు వెలిగే పద్ధతి పిల్లాడికి అక్కరకు రాదు. కాబట్టి గట్టిగా పాడే చోట పాడించి, అక్కడ పగలకుండా గెయిన్ పెట్టి, ఇంకొంచెం తగ్గించి వదిలేయడం నేర్పండి. 24 బిట్లలో రికార్డు చేస్తే కాస్త తక్కువగా వచ్చినా తర్వాత పెంచుకోవచ్చు.

అసలు కంప్యూటరే వద్దు, ముందు రుచి చూద్దామనుకునేవారికి రెండు దారులున్నాయి. ఐఫోన్‌లో గ్యారేజ్‌బ్యాండ్ ఉచితం, వాయిస్ఓవర్‌తో పనిచేస్తుంది. జూమ్ కంపెనీ 2024లో తెచ్చిన ఎసెన్షియల్ శ్రేణి చేతి రికార్డర్లలో మెనూలు పైకి చదివి వినిపించే ఏర్పాటుంది, 32 బిట్ ఫ్లోట్ పద్ధతి వల్ల గెయిన్ పెట్టే బాధే లేదు. కచేరీలకి, గుళ్లో భజనలకి వెళ్లి రికార్డు చేసుకునేవారికి ఇది చాలా పనికొస్తుంది.

గది విషయంలో సౌదీ మనకి మేలే చేసింది. గోడ నుంచి గోడకి కార్పెట్, దట్టమైన కర్టెన్లు, నేలమీద పరుపులు, ఇవన్నీ ప్రతిధ్వనిని మింగేస్తాయి. శత్రువు ఏసీ. జులైలో ఏసీ ఆపి పాడమనడం శిక్షే. మేం గదిని బాగా చల్లబరిచి, ఆపి, పదేసి నిమిషాల చొప్పున పాడిస్తాం. కరెంటు జుమ్మనే శబ్దం రికార్డులో పడితే అది తొలగించే ఫిల్టర్‌ని 60, 120 హెర్ట్జ్ దగ్గర పెట్టాలి, ఎందుకంటే సౌదీలో కరెంటు 60 హెర్ట్జ్. ఇండియాలో, పక్కనున్న దుబాయ్, కువైట్, ఖతార్‌లలో 50 కాబట్టి అక్కడివారు 50, 100 దగ్గర పెట్టుకోవాలి.

షాపులో చేయాల్సిన పరీక్ష

కొనబోయే ముందు మీ అబ్బాయినో అమ్మాయినో తీసుకుని షాపుకి వెళ్లండి. సొంత ఇయర్‌ఫోన్స్ పట్టుకెళ్లండి. ప్రదర్శనకి పెట్టిన విండోస్ ల్యాప్‌టాప్‌లో విండోస్, కంట్రోల్, ఎంటర్ కీలు కలిపి నొక్కితే నేరేటర్ మాట్లాడుతుంది. మ్యాక్‌లో కమాండ్ కీ పట్టుకుని టచ్ ఐడీ బటన్‌ని త్వరగా మూడుసార్లు నొక్కితే వాయిస్ఓవర్ వస్తుంది. షాపువాళ్లు ఒప్పుకుంటే ఎన్‌వీడీఏని పెన్‌డ్రైవ్ మీద తీసుకెళ్లి ఇన్‌స్టాల్ చేయకుండానే నడపొచ్చు. ఇంక అయిదు సంగతులు పిల్లాడే చూడాలి:

1. కీబోర్డు మీద వేళ్లు తడబడకుండా తిరుగుతున్నాయా?
2. హెడ్‌ఫోన్ రంధ్రం, యూఎస్‌బీ రంధ్రాలు తడిమితే దొరుకుతున్నాయా, కనీసం రెండు యూఎస్‌బీలు ఉన్నాయా?
3. కీ నొక్కగానే మాట వస్తోందా, ఆగి వస్తోందా?
4. చెవి దగ్గర పెడితే ఫ్యాను చప్పుడు ఎంత?
5. తెర మూసేసినట్టే అనుకుని, ఒక ఫైలు తెరిచి, పేరు మార్చి, దాచగలిగాడా?

అయిదోది జరుగుతున్నంతసేపూ మీరు చేతులు కట్టుకుని నిలబడాలి. అన్నిటికన్నా కష్టం అదే. షాపతను నా మొహం చూసి మాట్లాడుతుంటే, "వాడుకునేది వాడు, వాడికే చెప్పండి" అనడం నేను నేర్చుకోవాల్సి వచ్చింది.

సాఫ్ట్‌వేర్ కొనేముందు కంపెనీకి ఒక ఉత్తరం రాయండి: "మీ ప్రోగ్రామ్ ఎన్‌వీడీఏతో లేదా వాయిస్ఓవర్‌తో మౌస్ లేకుండా నడుస్తుందా? ఇన్‌స్టాల్, లైసెన్సు నమోదు కూడా నడుస్తాయా?" రెండో ప్రశ్న మరిచిపోవద్దు. ప్రోగ్రామ్ మాట్లాడి, లైసెన్సు పెట్టే కిటికీ మూగగా ఉండే రకాలున్నాయి. ఇక పని మధ్యలో ఉన్నప్పుడు ఆపరేటింగ్ సిస్టమ్ పెద్ద అప్‌డేట్లు వెంటనే పెట్టకండి. అప్పటిదాకా మాట్లాడిన ప్లగిన్ ఆ తర్వాత పలక్కపోవచ్చు.

ఇండియాలో ఉన్న తమ్ముడికో మేనల్లుడికో ఇక్కడ కొని పట్టుకెళ్లేవారికి రెండు మాటలు. పద్దెనిమిదేళ్లు నిండిన ప్రయాణికుడు ఒక ల్యాప్‌టాప్ కస్టమ్స్ సుంకం లేకుండా తీసుకెళ్లొచ్చు. వారంటీ ఇండియాలో చెల్లుతుందో లేదో బిల్లు చేతికి రాకముందే అడగండి. ఇక్కడ 15 శాతం వ్యాట్ కలిసి ఉంటుంది కాబట్టి అక్కడి ధరతో పోల్చి చూసుకోండి. ఇంటికెళ్లినప్పుడు వీలైతే హైదరాబాద్‌లో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిలోని దృష్టి పునరావాస విభాగం వాళ్లతో మాట్లాడండి. కంటికి వైద్యం లేదన్న చోట కూడా చదువు, పని ఎలా సాగించాలో చెప్పేవాళ్లు అక్కడ ఉంటారు.

నేర్చుకోవడానికి ఎంతకాలం?

మావాడికి మూడు నెలలు పట్టింది. మొదటి నెల చికాకు. స్క్రీన్ రీడర్ వేగం నెమ్మదిగా పెంచుకుంటూ పోయాడు, ఇప్పుడు అది మాట్లాడేది మాకెవరికీ ఒక్క ముక్క అర్థం కాదు. ఎన్‌వీడీఏలో తెలుగు గొంతు కూడా ఉంది. రీపర్ మెనూలన్నీ ఇంగ్లిష్‌లో ఉంటాయి కాబట్టి పనికి ఇంగ్లిష్, వాట్సాప్‌లో అమ్మమ్మ సందేశాలకి తెలుగు.

మా అత్తగారు ఒకసారి, "పాపం, పాడుకునే పిల్లాడికి ఈ మిషన్ల గోలెందుకు, ఎవరో ఒకరు చేసిపెడతారుగా" అన్నారు. ప్రేమతోనే అన్నారు. చూపు సరిగా లేని ద్వారం వెంకటస్వామి నాయుడుగారు 1936లో విజయనగరం మహారాజా సంగీత కళాశాలకి ప్రిన్సిపాల్ అయ్యారు. ఆయన వయొలిన్‌కి తెర లేదు, కమాను ఆయన చేతిలోనే ఉంది. ఇప్పటి పిల్లల సంగీతం సగం కంప్యూటర్‌లో తయారవుతోంది. అక్కడ వాళ్ల చెయ్యి ఆడకపోతే, ఎవరో ఒకరు చేసిపెట్టినంతవరకే వాళ్ల పాట. ఎవరో ఒకరంటే మా ఇంట్లో నేనే కదా, నేనేం చేశానో పైన చెప్పాను.

మొన్న గురువారం రాత్రి వంటింట్లో ఉన్నాను. గది తలుపు వేసి ఉంది, ఏసీ ఆగింది. అరగంట తర్వాత వాడు బయటికొచ్చి మంచినీళ్లు తాగుతూ, "గురువుగారికి పంపేశానమ్మా" అన్నాడు. ఏ పాట, ఎన్నో టేకు అని అడగబోయి ఆగిపోయాను. మర్నాడు గురువుగారి జవాబు వచ్చాక వాడే వినిపించాడు. పాటలో ఒకచోట వెనక మా కుక్కర్ విజిల్ లీలగా వినబడుతోంది. "అది తీసేయొచ్చుగా" అన్నాను. "తెలుసు. ఈ టేకులోనే బాగా వచ్చింది, అందుకే ఉంచాను" అన్నాడు.